1966 ఎంజీబీ: పాత ఇంజిన్‌ను బాగుచేయించాలా, కొత్తది ఎక్కించాలా?

మీ ప్రశ్నను ముందు ఒకసారి చెప్పుకుంటాను, ఎందుకంటే జవాబంతా ఆ వివరాల మీదే ఆధారపడి ఉంది. మీది 1966 మోడల్ ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే బ్రిటిష్ కంపెనీ ఎంజీ చేసిన, పైకప్పు తెరిచే స్పోర్ట్స్ కారు. ఫ్యాక్టరీలో బిగించిన ఇంజిన్‌తోనే మీ చేతికి వచ్చింది. బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ ముల్లు దాదాపు అడుక్కి పడిపోతోంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు కింది నుంచి టకటకా కొడుతోంది. వెనక నీలం పొగ వస్తోంది. మెకానిక్ చూసి, ఈ పాత ఇనుము మీద డబ్బు పోయకండి, రెండు లీటర్ల 16 వాల్వుల ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు ఎక్కించేద్దాం అన్నారు. మీకేమో బండిని దాచిపెట్టుకోవాలని లేదు, ఆ ఇంజిన్ గొంతు వింటూ, గేర్లు మారుస్తూ నడపాలని ఉంది. పికప్ చాలడం లేదని కూడా అన్నారు, ఎలక్ట్రిక్‌కు మార్చడం గురించీ అడిగారు. అయినా అసలు ఇంజిన్ తీసేయడానికి మనసు ఒప్పడం లేదు.

నా సమాధానం: బాగు చేయించండి. మీ బండి విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. ఇంజిన్ మార్చడం తప్పని నేను అనను, అది సరైన నిర్ణయమయ్యే సందర్భాలు కూడా కింద చెబుతాను. కానీ మీరు చెప్పిన లక్షణాల్లో ఇంజిన్ చచ్చిపోయిందని చెప్పేది ఒక్కటీ లేదు. అరిగిపోయిందని మాత్రం చెబుతున్నాయి. అరిగిన ఇంజిన్‌ను మళ్ళీ నిలబెట్టడానికి ఆ కాలపు ఇంజిన్లంత అనువైనవి తక్కువ.

అన్నిటికంటే ముందు, ఇవాళ్టి నుంచి దాన్ని నడపకండి. ఆ టకటక బిగ్ ఎండ్ బేరింగ్‌దే (పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ కింది చివర ఉండే బేరింగ్) అయితే, ఇప్పటికి పాడైంది షెల్స్ అనే దాని పల్చటి లోహపు రేకులు, మహా అయితే అవి పట్టుకునే క్రాంక్ జర్నల్ పైపొర. అలాగే నడిపితే కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాక్ గోడను పగలగొట్టుకుని బయటికి వస్తుంది. అప్పుడు మీ ప్రశ్నకు జవాబు దానంతటదే తేలిపోతుంది, మీకు ఇష్టం లేని వైపు.

ఇంజిన్ దించకముందే చేయాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. డాష్‌బోర్డు మీద ఉన్న గేజీని నమ్మకండి, దానికీ అరవై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. మంచి మెకానికల్ గేజీ ఒకటి బిగించి, ఇంజిన్‌ను పూర్తిగా వేడెక్కించి చూడండి. ఈ ఇంజిన్‌కు మామూలు నడకలో 50 నుంచి 80 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి), ఐడిల్‌లో 10 నుంచి 25 పీఎస్ఐ ఉండాలి. వేడి మీద ఐడిల్‌లో 15 చూపిస్తే చాలామంది కంగారుపడతారు, అది మామూలే. పరుగులో కూడా 50 దాటకపోతే అప్పుడు ఆలోచించాలి. ప్రెషర్ తక్కువ ఉన్నంత మాత్రాన బేరింగులు పోయాయని కూడా అనుకోలేం. ఆయిల్ పంపు అరిగినా, రిలీఫ్ వాల్వ్ స్ప్రింగు మెత్తబడినా అలాగే చూపిస్తుంది.

శబ్దం ఎక్కడిదో తేల్చడానికి పాత పద్ధతి ఒకటి ఇప్పటికీ బాగా పనికొస్తుంది. ఇంజిన్ కాస్త పై ఆర్‌పీఎమ్‌లో నడుస్తుండగా ఒక్కో సిలిండర్‌కు స్పార్క్ ఆపి వినాలి. ఏ సిలిండర్ దగ్గర శబ్దం తగ్గితే దాని బిగ్ ఎండ్ దగ్గరే లోపం. దీన్ని క్షణాల్లో ముగించాలి, ఎక్కువసేపు వద్దు. ఏది ఆపినా తేడా లేకుండా, ఇంజిన్ మీద లోడ్ పడినప్పుడు మాత్రమే లోతుగా దబదబమంటే మెయిన్ బేరింగులు, అంటే క్రాంక్‌ను బ్లాక్‌లో పట్టి ఉంచేవి. పైనుంచి చిన్నగా కొట్టుకుంటూ ఉంటే అది వాల్వులను నొక్కే మీటలు ఆడే కడ్డీ, రాకర్ షాఫ్ట్ అరుగుదల కావచ్చు, దానికి ఇంజిన్ దించే పనే లేదు. ఇంకొకరిని క్లచ్ తొక్కి వదలమని ముందున్న క్రాంక్ పుల్లీని గమనించండి. అది కంటికి కనబడేంత ముందుకూ వెనక్కూ కదిలితే క్రాంక్ అలా జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగాయి. అక్కడ ఉండాల్సిన సందు దాదాపు 0.1 మిల్లీమీటరే.

పొగ సంగతి వేరుగా చూడాలి. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ పుట్టించే ఒత్తిడిని, ముందు మామూలుగా, తర్వాత ప్రతి సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ వేసి మళ్ళీ కొలవండి. రెండోసారి అంకె బాగా పెరిగితే అరిగింది పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ). పెరగకపోతే వాల్వులు లేదా గాస్కెట్. అంకె ఎంత వచ్చిందన్నదాని కంటే నాలుగు సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నది ఎక్కువ చెబుతుంది. దిగుడులో యాక్సిలరేటర్ వదిలి నడిచాక మళ్ళీ తొక్కగానే గుప్పుమని పొగ వస్తే వాల్వ్ గైడులను అనుమానించాలి. ఎక్కుడులో ఆగకుండా వస్తూ ఉంటే రింగులను.

ఇక విప్పే రోజు. మీరు దగ్గరుండి చూడండి, ఎవరికో అప్పజెప్పి వెళ్ళిపోకండి. బిగ్ ఎండ్ క్యాప్ విప్పి షెల్‌ను అరచేతిలో పెట్టుకుంటే ఇంజిన్ కథంతా దాని మీదే ఉంటుంది. బాగున్న షెల్ లోపలి ముఖం ఒకే తీరుగా, మసక బూడిద రంగులో ఉంటుంది. పైపొర అరిగిన చోట కింది రాగి గులాబీ ఛాయతో బయటపడుతుంది. రాగి ఒక్క అంచునే కనబడితే రాడ్ వంగి ఉండొచ్చు, అన్ని షెల్స్‌లోనూ మధ్యలో సమానంగా కనబడితే వయసు వల్ల వచ్చిన అరుగుదల. నిలువు గీతలు పడి ఉంటే ఆయిల్‌లో చెత్త తిరిగింది. షెల్ పైపొర కరిగి పూసినట్టు అయిపోయిందంటే ఏదో ఒక సమయంలో ఆయిల్ అందలేదు. తీసిన ప్రతి షెల్‌నూ ఏ సిలిండర్‌దో, పైదో కిందిదో రాసి వరసగా పెట్టించండి. కలిపేస్తే ఆ సమాచారం మళ్ళీ రాదు.

మీ ఇంజిన్ గురించి ఒక మంచి మాట. 1962లో ఎంజీబీ మొదలైనప్పుడు దీనికి మూడు మెయిన్ బేరింగులే ఉండేవి. 1964 చివర్లో ఐదు బేరింగుల ఇంజిన్, 18జీబీ రకం వచ్చింది. మీది అదే. 1798 సీసీ, 80.26 మిల్లీమీటర్ల బోరు, 88.9 స్ట్రోక్, పోత ఇనుప బ్లాక్, 5400 ఆర్‌పీఎమ్ దగ్గర సుమారు 95 హార్స్‌పవర్. కింది భాగం చాలా గట్టిది. దీనికి ఇంత ఆదరణ ఉండటానికి ముఖ్య కారణం, మరమ్మతుకు ఫ్యాక్టరీ వాళ్ళే చోటు వదిలిపెట్టడం. క్రాంక్ జర్నల్‌ను 0.010, 0.020, 0.030 అంగుళాల చొప్పున గ్రైండ్ చేయించుకుంటూ పోవచ్చు, ప్రతి సైజుకూ షెల్స్ దొరుకుతాయి. బోరు కూడా అలాగే, 0.060 అంగుళాల దాకా పెంచి పెద్ద పిస్టన్లు వేయొచ్చు. అక్కడికి అది 1868 సీసీ అవుతుంది. అదీ దాటిపోయిన బ్లాక్‌కు స్లీవులు (సిలిండర్ లోపల దింపే లోహపు గొట్టాలు) దింపి మళ్ళీ స్టాండర్డ్ బోరుకు తేవచ్చు. గోడకు పగులు వచ్చినా వెల్డింగ్ లేకుండా చల్లగానే కుట్టే పద్ధతి ఉంది. అందుకే బ్లాక్ పనికిరాదన్న మాటను కొలతలు చూడకుండా నేను ఒప్పుకోను. ఎవరైనా అలా అంటే, బోరు ఎంతుంది, ఓవాలిటీ (గుండ్రం తప్పడం) ఎంత, పగులు ఎక్కడ అని అడగండి. కొలిచినవాళ్ళ దగ్గర అంకెలు ఉంటాయి.

లేత్ షాపుకు పంపేటప్పుడు కొన్ని విషయాలు గట్టిగా చెప్పి పంపండి. సైజు తేల్చేది కొలత మాత్రమే. 0.010తో సరిపోయే క్రాంక్‌ను పని తేలికని 0.030కి కోసేస్తే, మీ తర్వాత ఆ ఇంజిన్‌ను బాగుచేసేవారికి ఏమీ మిగలదు. బోరు చేయించేముందు పిస్టన్లు తెచ్చి వాళ్ళ చేతిలో పెట్టండి, బోరు వాటిని బట్టి చేయాలి. ఆయిల్ దారుల ప్లగ్గులన్నీ తీయించి లోపల బ్రష్షుతో కడిగించండి. కొత్త షెల్స్‌ను మొదటి వారాల్లోనే తినేసేది అక్కడ పేరుకున్న పాత మడ్డి, గ్రైండింగ్ పొడి. నేను చూసిన రీబిల్డ్ వైఫల్యాల్లో ఎక్కువ భాగం భాగాల నాణ్యత వల్ల కాదు, ఈ కడుగుడు సరిగ్గా జరగకపోవడం వల్లే.

హెడ్‌కు క్రాక్ టెస్ట్ తప్పనిసరి. ఈ హెడ్‌లు వాల్వ్ సీట్ల మధ్య, ముఖ్యంగా మధ్య ఎగ్జాస్ట్ పోర్టు దగ్గర పగులుతాయి. బాగుంటే ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు వేయించండి. ఇది తయారైన కాలంలో పెట్రోల్‌లో సీసం ఉండేది, వాల్వ్ సీటును అదే కాపాడేది. ఇప్పటి పెట్రోల్‌తో మెత్తటి ఇనుప సీటు కొద్దికొద్దిగా లోపలికి కుంగిపోతుంది, 0.015 అంగుళాలకు పెట్టిన ట్యాపెట్ సందు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే మీటకూ మధ్య ఖాళీ, దానంతటదే తగ్గిపోతూ వస్తుంది. ఒకసారి సీట్లు మారిస్తే ఆ బెడద ఇక ఉండదు.

క్యామ్ (వాల్వులను తెరిచే గుబ్బల కడ్డీ) కొత్తది వేస్తే, దాని మీద కూర్చుని కదలికను పైకి పంపే ట్యాపెట్లు కూడా కొత్తవే వేయాలి, పాతవి కలపకూడదు. మొదటి స్టార్ట్‌కు ముందు ప్లగ్గులు తీసి, గేజీలో ప్రెషర్ కనబడేదాకా స్టార్టర్‌తో తిప్పండి. స్టార్ట్ అయిన వెంటనే 2000 పైన ఉంచి 20 నిమిషాలు నడపాలి, ఐడిల్‌కు దించకూడదు. క్యామ్, ట్యాపెట్ ఒకదానికొకటి కుదురుకునేది ఆ 20 నిమిషాల్లోనే. ఆయిల్ 20డబ్ల్యూ-50, అందులో జింక్ పాళ్ళు సరిపడా ఉన్నది. కొత్త కార్ల కోసం చేసిన పల్చటి ఆయిల్ ఎంత ఖరీదైనదైనా దీనికి నప్పదు.

ఇప్పుడు మెకానిక్ చెప్పిన దారి చూద్దాం. మాటల్లో అది ఇంజిన్, గేర్‌బాక్స్ మార్పే. చేతల్లో ఏమవుతుందో వరసగా చూడండి. మీ బండి 1966ది కాబట్టి పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది), కరెంటు ఇచ్చేది డైనమో. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఉన్న ఏ ఇంజిన్ పెట్టినా నెగటివ్ ఎర్త్‌కు మార్చాలి, ఆల్టర్నేటర్ కావాలి, ఆర్‌పీఎమ్ మీటర్‌ను లోపల మార్పించాలి. మీ ఎస్‌యూ కార్బురేటర్లకు పెట్రోల్ రెండు మూడు పీఎస్ఐతో అందితే చాలు. ఇంజెక్షన్‌కు సాధారణంగా 40కి పైనే కావాలి. అంటే కొత్త పంపు, కొత్త పైపులు, వెనక్కి వచ్చే లైను, మలుపుల్లో పెట్రోల్ ఒక పక్కకు పోయినా గాలి పీల్చకుండా ట్యాంకులో మార్పు. ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి, సంప్ ఆకారం ముందు సస్పెన్షన్ బిగించే అడ్డదూలం, క్రాస్‌మెంబర్‌కు అడ్డం వస్తుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్టీరింగ్ కాలమ్‌కు తగులుతుంది. ఐదు గేర్ల బాక్సుకు టన్నెల్ (గేర్‌బాక్సు పైన ఉండే నేల ఉబ్బు) కోయాల్సి రావచ్చు, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మారుతుంది, స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. పవర్ పెరిగాక పాత బ్రేకులతో, పాత యాక్సిల్‌తో నడపడం నాకు భయం. ఇవన్నీ చేయగల వర్క్‌షాపులు ఉన్నాయి, అద్భుతంగా చేస్తారు కూడా. కానీ మొదలుపెట్టి సగంలో ఆగిపోయి, ఏళ్ళ తరబడి కవర్ కింద పడి ఉన్న బళ్ళను నేను చాలా చూశాను. రీబిల్డ్ మధ్యలో డబ్బు కరువైతే భాగాలు డబ్బాల్లో సర్దుకుని ఆరు నెలలు ఆగొచ్చు. కోసిన టన్నెల్ ఉన్న బండి అలా కాదు, దాన్ని ముందుకూ తీసుకెళ్ళలేరు, వెనక్కీ తేలేరు.

బరువు సంగతి కూడా చెప్పాలి, చాలామంది హార్స్‌పవర్ అంకె దగ్గరే ఆగిపోతారు. దీనికి ఉదాహరణ ఎంజీ వాళ్ళ చరిత్రలోనే ఉంది. 1967లో ఇదే బాడీలో 2912 సీసీ ఆరు సిలిండర్ల ఇంజిన్ పెట్టి ఎంజీసీ తెచ్చారు. ఆ ఇంజిన్ నాలుగు సిలిండర్ల దానికంటే సుమారు 95 కిలోలు ఎక్కువ. దాన్ని పట్టించడానికి ముందు సస్పెన్షన్‌నే మార్చారు, బానెట్ మీద బుడిపె పెట్టారు. అంత చేసినా ముక్కు బరువుగా ఉందని, మలుపులో తిరగనంటోందని విమర్శలు వచ్చి 1969లోనే ఆపేశారు. ఆ తర్వాత 1973లో ఎంజీబీ జీటీ వీ8 వచ్చింది. 3528 సీసీ రోవర్ ఇంజిన్, 137 హార్స్‌పవర్. అది అల్యూమినియం కాబట్టి పాత ఇనుప ఇంజిన్ కంటే బరువేమీ పెరగలేదు. అందుకే ఆ బండి స్వభావం చెడలేదు, 1976 దాకా 2591 తయారయ్యాయి. ఇంజిన్ మార్చాలనుకునేవాళ్ళు ఈ రెండు బళ్ళనూ పక్కపక్కన పెట్టి ఆలోచించాలి. ముందు చక్రాల మీద బరువు ఎంత మారుతోందో చెప్పలేని వర్క్‌షాపుకు మీ బండి ఇవ్వకండి.

అసలుదనం, విలువ విషయానికి వస్తే, ఇక్కడ అందరికీ ఒకే జవాబు లేదు. ఫెరారీ, తొలి పోర్షే 911, కార్వెట్ లాంటి వాటిలో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఫ్యాక్టరీ రికార్డులతో కలవడం ధరను ఎంతో మారుస్తుంది. అలాంటి బండిలో ఇంజిన్ ఎంత పాడైనా బ్లాక్‌ను పారేయడం అనే మాటే రాకూడదు. ఎంజీబీలు లక్షల్లో తయారయ్యాయి, కాబట్టి తేడా అంత ఉండదు. అయినా ఉంటుంది. మీ ఇంజిన్ కుడివైపు, బ్లాక్‌కు రివిట్ చేసిన చిన్న రేకు మీద 18జీబీ-యూ-హెచ్ అని మొదలయ్యే నంబరు ఉండాలి. హెచ్ అంటే హై కంప్రెషన్. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియంకు రాస్తే ఫ్యాక్టరీ రికార్డు చూసి సర్టిఫికెట్ ఇస్తారు, బండి బయటికి వచ్చిన రోజు ఏ ఇంజిన్ ఉందో అందులో ఉంటుంది. కలిసిందో లేదో తెలుసుకున్నాకే నిర్ణయం తీసుకోండి. ఆ రేకును కడిగేటప్పుడు, రంగు వేసేటప్పుడు పోగొట్టేవాళ్ళు ఉన్నారు. విప్పకముందే ఫొటో తీసి పెట్టుకోండి, లేత్ షాపు వాళ్ళకు దాన్ని ముట్టుకోవద్దని చెప్పండి.

నంబరు రిజిస్ట్రేషన్ కాగితాల మీద కూడా ఉండే చోట్ల ఇంజిన్ మారిస్తే కాగితాలు మార్చాలి, ఇన్సూరెన్స్‌కు చెప్పాలి. పాత బళ్ళకు ఇచ్చే మినహాయింపులు పోయే అవకాశం కూడా ఉంది. బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటిన కార్లకు వార్షిక పరీక్ష నుంచి మినహాయింపు ఉంది కానీ, గత 30 ఏళ్ళలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మీరున్న చోట నిబంధన ఏమిటో పని మొదలుపెట్టకముందే కనుక్కోండి.

ఎలక్ట్రిక్ గురించి కూడా అడిగారు. 2017లో జాగ్వార్ వాళ్ళే ఈ-టైప్ జీరో అని ఒకటి చేసి చూపించారు. పాత ఇంజిన్ ఉన్న చోటే, దాదాపు అదే కొలతతో, అదే బరువుతో బ్యాటరీ పెట్టారు, కావాలంటే మళ్ళీ వెనక్కి మార్చుకునేలా. ఆ ఆలోచన నాకు నచ్చింది. కానీ అంతర్జాతీయ పాతకార్ల సమాఖ్య ఎఫ్ఐవీఏ 2019లోనే స్పష్టంగా చెప్పింది, ఎలక్ట్రిక్‌కు మార్చిన బండి తమ నిర్వచనం ప్రకారం చారిత్రక వాహనం కాదని. మీరు అడిగిన ఆ గొంతు, ఆ గేరు మార్చే పని కావాలంటే అది మీ దారి కాదు.

మరి ఇంజిన్ మార్చడం ఎప్పుడు సరైనది? బండి మీ చేతికి వచ్చేసరికే అసలు ఇంజిన్ లేకపోతే. బాడీ ముందే కోసేసి ఉంటే. రేసు కోసం నడిపి ఇంజిన్‌ను పణంగా పెట్టదలిస్తే. బ్లాక్ నిజంగా కుట్టడానికి కూడా వీల్లేకుండా పగిలిపోతే. ఇలాంటప్పుడు నేనే మార్చమంటాను. షరతు ఒక్కటే, బాడీని కోయకుండా, ఉన్న మౌంటు రంధ్రాలనే వాడుకుంటూ బోల్టులతో ఎక్కేలా చేయాలి. తీసిన పాత ఇంజిన్‌కు లోపల ఆయిల్ పట్టించి, రంధ్రాలన్నీ మూసి, తడి తగలని చోట పెట్టాలి. బండి ఎవరికి వెళ్తే ఆ ఇంజిన్ కూడా వాళ్ళకే వెళ్ళాలి. విడదీసి అమ్మేస్తే మళ్ళీ కలవవు, ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

మధ్యే మార్గం కూడా ఒకటి ఉంది, దీన్ని మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. మీదాని లాంటిదే ఐదు బేరింగుల బీ-సిరీస్ (18జీబీ చెందిన ఇంజిన్ల కుటుంబం) ఇంజిన్ ఇంకొకటి కొని, దాన్ని కాస్త హుషారుగా తయారు చేయించి నడపడం. అసలు దాన్ని పక్కన పెట్టి తీరిగ్గా బాగుచేయించుకోవచ్చు. వైరింగ్, పెట్రోల్ లైను, మౌంటులు ఏవీ మారవు, ఇంజిన్ మార్చడం ఒక శని ఆదివారాల పని. ఎక్కువగా నడపాలనుకునేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే.

పికప్ చాలడం లేదన్నారు కదా. అరిగిన రింగులతో, కుంగిన వాల్వులతో నడుస్తున్న ఇంజిన్‌ను బట్టి 18జీబీని అంచనా వేయకండి. హెడ్ పోర్టులు శుభ్రంగా తీర్చి, కొద్దిగా హుషారైన క్యామ్ వేసి, క్రాంక్, ఫ్లైవీల్, క్లచ్ కలిపి బ్యాలెన్స్ చేయిస్తే అది వేరే బండి. స్పార్క్‌ను తెగ్గొట్టి ఇచ్చే పాత పాయింట్ల బదులు డిస్ట్రిబ్యూటర్ మూత లోపలే ఇమిడిపోయే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టండి, మీ పాజిటివ్ ఎర్త్‌కు సరిపడేది అడిగి తీసుకోండి. హైవే మీద గోల తగ్గాలంటే మీకు కావాల్సింది ఇంజిన్ కాదు, ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజిన్ తక్కువ తిరిగేలా చేసే అదనపు గేరు) ఉన్న గేర్‌బాక్స్. ఆ కాలంలో అదనంగా డబ్బు కట్టినవాళ్ళకు ఫ్యాక్టరీయే బిగించి ఇచ్చింది. దొరికితే ఇంజిన్ దించినప్పుడే మార్చేయండి, ఎలాగూ రెండూ కలిపే బయటికి వస్తాయి.

కాబట్టి ముందు మెకానికల్ గేజీ, కంప్రెషన్, తర్వాత సంప్ దించి రెండు మూడు క్యాప్‌లు విప్పడం. అప్పటిదాకా ఏ ఇంజిన్‌కూ అడ్వాన్స్ ఇవ్వకండి. షెల్స్ వెనక పాత సైజు ముద్ర ఉంటుంది, 010 అనో 020 అనో. ఆ ముద్ర, నాలుగు బిగ్ ఎండ్ జర్నల్స్‌ను రెండు దిశల్లో కొలిచిన కొలతలు, నాలుగు బోర్లను పైనా మధ్యలో కిందా కొలిచిన కొలతలు రాసి పంపండి. క్రాంక్ ఏ సైజుకు పోవాలో, బోరు చేయించాలో, రింగులతో సరిపెట్టొచ్చో అప్పుడు కచ్చితంగా చెబుతాను.